తీతువు గుడ్ల దగ్గరికి ఈ ఆదివారం వద్దు

జమ్మలమడుగు,
మే 14

హరికృష్ణా,

ఆదివారం ప్రొద్దుటూరు నుంచి పక్షులు చూడ్డానికి ఎవరినీ తీసుకురావద్దు. బస్సు మాట్లాడావని తెలుసు. ఫోన్ చేస్తే నన్ను ఒప్పిస్తావు, అందుకే రాస్తున్నాను.

పోయిన వారం నువ్వు తెచ్చిన వాళ్లకు పెన్నా ఒడ్డున గులకరాళ్ల మధ్య తీతువు పిట్ట గుడ్లు నాలుగు చూపించాను. ముప్పై మందిమి దూరంగా, చప్పుడు లేకుండా, గంటసేపు ఎండలో నిలబడ్డాం. తల్లి పైన అరుస్తూ తిరిగింది. మన క్రమశిక్షణను నువ్వు మెచ్చుకున్నావు.

నిన్న అక్కడ గొర్రెలు మేపే పెంచలయ్య నన్ను ఆపాడు.

"ఏం సార్, గుడ్లు ఉడకేసి పోతిరే! నా గొర్రెలు పక్కనే పోతాంటాయి. అది లేస్తాది, మళ్లా కూచుంటాది. మీరు కదలకుండా నిలబడితిరి. ఇంగ అది యాడ కూచుంటాది? ఈ రాళ్ల మింద చెయ్యి పెట్టి చూడు."

పెట్టి చూశాను. అరనిమిషం ఉంచలేకపోయాను.

తల్లి ఇంకా పొదుగుతూనే ఉందట. నీళ్లలో పొట్ట తడుపుకొని వచ్చి గుడ్లను చల్లబరుస్తోందట. వాటిలో ప్రాణం ఉందో లేదో పెంచలయ్యకూ తెలియదు.

అందరికీ తప్పు నాదేనని చెప్పు. వెళ్లి చూడాలని ఉంది. వెళ్లను.

నీ స్నేహితుడు