మెడ వెనక నీరు

16 సెప్టెంబర్ 2011, మధ్యాహ్నం

స్కాన్‌లో బిడ్డ చెయ్యి ఊపింది. నాకే అనుకుని నేనూ ఊపాను. డాక్టర్ నవ్వలేదు. బిడ్డ మెడ వెనక నీరు ఎక్కువగా ఉందట. క్రోమోజోముల్లో తేడా ఉండొచ్చు, ఉండకపోవచ్చు. నాలుగో నెలలో ఉమ్మనీరు తీసి టెస్ట్ చేస్తేగానీ తేలదట. యూనివర్సిటీలో ఉల్లివేళ్ల స్లైడ్లు పెట్టి పిల్లలచేత క్రోమోజోములు లెక్కపెట్టించే నాకే ఈ పాఠం! ఒళ్లు మండింది. ఎవరిమీదో తెలియదు.

సాయంత్రం

మా ఆయన కుమార్ ఇంకా తెలంగాణ ధర్నా నుంచి తార్నాక ఇంటికి చేరలేదు. అత్తమ్మకు నీరు సంగతి చెప్పాను, మిగతాది మింగేశాను. నీరంటే కాపడమే మందు అంది. తల్లి మెడ వెచ్చగా ఉంటే లోపలి బిడ్డకూ తగులుతుందట. రాళ్లుప్పు వేయించి, పాత చీర ముక్కలో మూటకట్టి, నా మెడకు అద్దింది. పీహెచ్‌డీ చేసినదాన్ని, తల వంచుకుని కూర్చున్నాను. ఎంత హాయో! అలాగే నిద్రపోయాను.

27 సెప్టెంబర్

సమ్మె. బస్సుల్లేవు. నడిచే క్యాంపస్‌కు వెళ్లాను. ఆర్ట్స్ కాలేజీ ముందు బతుకమ్మ ఆడుతున్నారు. సీమ పిల్లనని, చప్పట్లు తప్పుతానని ఏటా ఏడిపిస్తారు. ఈసారి తప్పలేదు. నాతో ఇంకెవరో తిరుగుతున్నట్టే ఉంది.

2 అక్టోబర్

కల. ఆర్ట్స్ కాలేజీ మెట్లమీద బిడ్డ కూర్చుని ఉల్లివేళ్లు లెక్కపెడుతోంది. ప్రతిసారీ ఒకటి ఎక్కువే వస్తోంది. ముద్దొచ్చి, దిద్దకుండా ఊరుకున్నాను.

14 అక్టోబర్

ఉమ్మనీరు తీశారు. మెడ వెనక నీరు లేదిప్పుడు. అది దానంతటదే తగ్గుతుందని, దాన్నిబట్టి ఏమీ చెప్పలేమని డాక్టర్ అన్నాడు. అత్తమ్మ వింటేగా! తన ఉప్పుమూట మహిమ వీధంతా చాటింది. నేనూ కాసేపు నమ్మాను.

29 అక్టోబర్

రిపోర్ట్ వచ్చింది. ఇరవై ఒకటో క్రోమోజోము రెండు ఉండాలి. మూడున్నాయి. డౌన్ సిండ్రోమ్.

30 అక్టోబర్

లాఠీ దెబ్బలకు ఏడవని కుమార్ ఏడ్చాడు. తీయించేద్దామన్నాడు, మన తర్వాత ఎవరు చూస్తారన్నాడు. తప్పు మాటేం కాదు. ఇరవై వారాలు దాటితే చట్టం ఒప్పుకోదు. రేపే రమ్మన్నారు.

అత్తమ్మకు అంతా చెప్పాం. పొయ్యికేసి చూస్తూ అడిగింది.

"నా కాపడం సరిగ తగల్లేదా, బిడ్డా?"

తగిలిందత్తమ్మా అన్నాను. అప్పుడు ఏడుపొచ్చింది నాకు.

31 అక్టోబర్, పొద్దున్నే

ఆసుపత్రికి వెళ్లనన్నాను. ఉప్పు వేయించమని అత్తమ్మను నేనే అడిగాను. కుమార్ వాళ్లమ్మ చేతిలోంచి మూట తీసుకుని, కాలుతుందేమోనని ముందు తన మెడకు ఆనించి చూసుకున్నాడు. తర్వాత నాకు పెట్టాడు.

లోపల కదిలింది. మొదటిసారి.

నేనూ చెయ్యి ఊపాను.