చింతపండుతో తోమిన గూడ్సు పెట్టె

ఏమండీ, తొర్రూరు బస్సుకు టైమయింది. చెల్లెలి శ్రీమంతం చూసుకుని రేపు వస్తాను. అన్నం, పప్పు గూట్లో ఉన్నాయి. తినే ముందు చేతులకున్న జిగురు కడుక్కోండి.

ఇక అరవకుండా చదవండి. విడి ముక్కలుగా లండన్ నుంచి తెప్పించి, కూర్చుని అతికించుకున్నారే, ఆ బొమ్మ గూడ్సు పెట్టెను అత్తమ్మ చింతపండుతో తోమేశారు. అసలు బండిలా కనబడాలని కంపెనీవాళ్ళు వేసి పంపిన తుప్పు రంగంతా పోయింది. నేను నీళ్ళు తెచ్చేసరికే అయిపోయింది. "కొత్తదని చెప్పి తుప్పు పట్టినది అంటగట్టిండ్రు, నా కొడుకు ఉత్త అమాయకుడు" అని ఒకటే బాధ ఆమెకు. తళతళలాడుతున్న పెట్టెకు బొట్టు కూడా పెట్టారు.

ఆమెను ఏమీ అనకండి. ఆదివారం మీ కాజీపేట రైల్వే గార్డు దోస్తు ఆ గూడ్సు పెట్టెను చూడడానికి వస్తాడని మీ బెంగ, తెలుసు. నా ట్రంకు పెట్టెకు నిజంగానే తుప్పు పట్టింది. దాన్ని మీరు ఒక్కనాడూ మెచ్చుకోలేదు.

సుగుణ

మరిచాను. బావి గిలకకున్న తుప్పు గీకి, మెత్తగా నూరి, పొట్లం కట్టి జిగురు సీసా పక్కన పెట్టాను. లండన్‌ది ఉత్త రంగు, ఇది అసలు తుప్పు. పూయడం మాత్రం అత్తమ్మ కునుకు తీసేటప్పుడే.