పూల పక్కన చీటీ

జహీరాబాద్,
ఆదివారం ఉదయం

ప్రియమైన అక్కకు వందనాలు.

నువ్వు, బావ, పాప క్షేమమని తలుస్తాను. నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? నా ఒంట్లో బాగానే ఉంది. ఫోన్ చేస్తే సగమే చెప్పి పెట్టేస్తాను. అందుకే కాగితం మీద రాసి, ఫొటో తీసి పంపుతున్నాను.

బడి బాగానే సాగుతోంది. "టీచర్, మీరు సినిమాల లెక్క మాట్లాడుతరు" అని పిల్లలు నవ్వుతారు. జొన్నరొట్టె అలవాటైంది. పొద్దున్నే చలి బాగా ఉంటోంది.

మా ఇంటి ఓనరు శాంతమ్మ గారు ముందున్న కాస్త ఎర్రమట్టి నేల నాకిచ్చారని చెప్పాను కదా. అక్కడ మందారం, నందివర్ధనం, బంతి పెంచుతున్నాను. రోజూ ఒక ఫొటో తీసి, పూలు పెంచేవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టేదాన్ని. బయాలజీ రికార్డుకు కాన్వెంటులో సిస్టర్ నేర్పినట్టే, ప్రతి పువ్వు పక్కనా చీటీ పెట్టి పేరు, ఊరు, వీధి, తీసిన వేళ రాసేదాన్ని, రోజూ ఉదయం ఆరుంపావే. పువ్వు గురించే రాస్తున్నాననుకున్నాను అక్కా.

పోయిన వారం తలనొప్పి వచ్చి ఒకరోజు బయటికి రాలేదు. మధ్యాహ్నం ఎవరిదో తెలియని నంబరు నుంచి మెసేజ్: "ఆరుంపావుకి రాలేదేం? మీ మందారం ఎదురుచూసింది."

ఆ నంబరు బ్లాక్ చేశాను. ఎవరికీ చెప్పలేదు. ఫొటోలు మానేశాను. పేపరు వేసే అతను పలకరించినా, ఆటోలో ఎవరైనా వెనక్కి తిరిగినా, వాడేనేమో అనిపించేది.

ఈ ఉదయం నీళ్లు పోస్తుంటే, గోడ మీదుగా ఒక కొంకి కర్ర వచ్చి నందివర్ధనం కొమ్మను వంచింది. గట్టిగా అరిచాను. తీరా చూస్తే వెనక వీధి బసప్ప తాత. పూజకు అందరి ఇళ్లలో పూలు కోసుకుంటారు, ఇక్కడ ఎవరూ ఏమీ అనరు.

"నాలుగు పూలకొచ్చిన బిడ్డా. నీకిష్టం లేకుంటె వద్దు తియ్" అని, కోసినవి గోడ మీదే పెట్టి వెళ్లిపోయారు.

శాంతమ్మ గారు పరుగున వచ్చారు. "గంత అరుస్తవేందే? నీ అరుపుకు మా బర్రె వారం దినాలు పాలియ్యదు. తాత పువ్వును చూసిండు గని నిన్ను చూసిండా?" అన్నారు. సిగ్గుపడి నేనూ నవ్వాను.

అంతలో ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఇంకో కొత్త నంబరు. "పాపం, ముసలాయన్ని ఎందుకు భయపెట్టావు?"

శాంతమ్మ గారికి రెండు మెసేజ్‌లూ చూపించాను. "గిన్ని దినాలు ఎందుకు చెప్పలే? నోట్లె నాలుక లేదా?" అన్నారు. అంతకు మించి తిట్టలేదు. నా చెయ్యి పట్టుకున్నారు.

నందివర్ధనం దగ్గర నిలబడి, ఆ మూల ఎక్కడినుంచి కనబడుతుందా అని చుట్టూ చూశాను. వీధిలోంచి కనబడదు, గోడ అడ్డం. పక్క ఇళ్లకు ఇటువైపు కిటికీలే లేవు. ఎదురింటి మేడ మీది కిటికీ ఒక్కటే మిగిలింది.

"పైన కిరాయికున్నోడు. ఎన్నడు ఎవ్వరితోని మాట్లాడడు" అన్నారు శాంతమ్మ గారు, గొంతు తగ్గించి.

ఫోన్ ఎత్తి ఆ కిటికీని ఫొటో తీశాను. తొందరలో మసకగా వచ్చింది. మళ్లీ తీశాను. మొదటి దాంట్లో పరదా తీసి ఉంది. రెండో దాంట్లో మూసి ఉంది.

వాడేనని ఒట్టు వేసి చెప్పలేను. కానీ నాకు చాలా భయంగా ఉంది అక్కా.

ఇప్పుడే ఠాణాకు వెళ్తున్నాం. "నువ్వు ఊకె నిలబడు, నేను మాట్లాడుత" అన్నారు శాంతమ్మ గారు. నేనే మాట్లాడతానన్నాను. నోరు పెగులుతుందో లేదో తెలియదు.

నాన్నకు నువ్వే మెల్లగా చెప్పు. ఉద్యోగం మానేసి వచ్చేయమంటారు. వద్దనడానికి నా దగ్గర పెద్ద కారణమేమీ లేదు, ఇక్కడ ఉండాలని ఉంది, అంతే. అది కూడా నువ్వే చెప్పు. అమ్మకు, బావకు వందనాలు. పాపకు ముద్దులు.

శాంతమ్మ గారు చెప్పులు వేసుకుంటున్నారు. ఇది చూడగానే నా కోసం మోకరించి ప్రార్థన చెయ్యి. భయం పోవాలని అడగొద్దు, అక్కడ నా మాట బయటికి రావాలని అడుగు.

నీ చెల్లెలు,
గ్రేస్