గోడ మీద సుద్ద గీత

మార్టూరు,
ఆదివారం, గుడి నుంచి వచ్చాక.

ప్రియమైన ఫెబాకు,

ప్రభువు దయవల్ల ఇక్కడ అమ్మా, స్తుతీ, నేనూ క్షేమంగానే ఉన్నాం. అక్కడ నువ్వు వేళకు తిని, ఆసుపత్రి డ్యూటీ దిగాక కాస్త కునుకు తీసి, ఒంట్లో బాగుండాలని రోజూ ప్రార్థనలో అడుగుతున్నాం. రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ మళ్ళీ ఉత్తరం ఏంటని నవ్వుకుంటావు. నవ్వుకో. మనది స్పీకరు పెట్టి మాట్లాడే ఫోను. మా అమ్మ, అదే మీ మేనత్త, ఒక చెవి వేస్తుంది, స్తుతి మధ్యలో లాక్కుంటుంది, మిరపకాయల తొడిమలు తీయడానికి వచ్చిన ఆడవాళ్ళంతా "ఫెబా, బాగుండావా?" అని ఒక్కసారే అరుస్తారు. ఇక నేను మాట్లాడేది ఎక్కడ? అందరి ముందూ అనలేని మాట ఒకటుంది. మీ దగ్గర పనిచేసే ఒంగోలు సిలార్ సెలవు అయిపోయి ఈ వారంలోనే కువైట్ తిరిగొస్తున్నాడు. ఒంగోలు వెళ్ళి గోంగూర పచ్చడి, కారం డబ్బాతో పాటు ఈ ఉత్తరం కూడా అతని చేతిలో పెడతాను.

అతను సెలవుకి ఇక్కడికి వచ్చేటప్పుడు నువ్వు పంపిన ఉత్తరాన్ని మళ్ళీ ముందు పెట్టుకుని రాస్తున్నాను. అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడిగావు. మెట్లెక్కేటప్పుడు నొప్పి, మిరపకాయల ముందు బాసింపట్టు వేసుకుని కూర్చునేటప్పుడు మాత్రం ఏ నొప్పీ లేదు. స్తుతికి పై పన్ను ఊడింది. పారేయనివ్వలేదు. నువ్వు వచ్చాక నీకు చూపిస్తానని నా గుండీల డబ్బాలో దాచింది. ఈస్టరుకి నీలం జాకెట్టు కుట్టి సిలార్‌తో పంపమన్నావు. ఆ సంగతి చివర్లో చెబుతాను.

ముందు టీవీ గురించి. "యాభై అయిదంగుళాలది తీసుకో బావా, హాలు గోడ నిండుగా ఉండాలి, మీరందరూ నన్ను తనివితీరా చూడాలి" అని రాశావు. చదివిన పూటే మెడలో టేపు తీసి గోడ దగ్గరికి వెళ్ళాను. 'ఈ ఇంటికి పెద్ద ప్రభువే' అన్న బోర్డు దించడానికి వీల్లేదంది అమ్మ. సరే, ఆ బోర్డుకీ కిటికీకీ మధ్య జాగాలో అడ్డంగా యాభై అయిదు కొలిచి, బట్టల మీద గీసే సుద్దతోనే పెద్ద చట్రం గీశాను. గీత పోయి కిటికీ చెక్కకు తగిలింది. అమ్మ తొడిమలు తుంచడం ఆపి చూసింది.

"ఇదేందిరా, గోడకి ఇంకో గుమ్మం పెడతన్నావా?"

"టీవీ అమ్మా. ఇందులో ఫెబా కనపడుద్ది."

"ఇంత గుమ్మం పెట్టి కనపడ్డం ఏందిరా? నడిచే రావచ్చు కదా!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ మాట పట్టుకుని చాలా రోజులు నా కుట్టు సాగలేదు.

పండగ బట్టల ఒత్తిడిలో ఒంగోలు వెళ్ళడం కుదరక ఆ గీత అలాగే ఉండిపోయింది. ఉండగా ఉండగా అదే మా టీవీ అయింది ఫెబా. అబద్ధం కాదు. మధ్యాహ్నం దాటాక గుమ్మంలోంచి ఎండ వచ్చి నేల మీద మిరపకాయల రాశి మీద పడుతుంది. ఆ ఎరుపు తేలి వెళ్ళి గోడ మీద వాలుతుంది, సరిగ్గా గీత లోపల. రోడ్డు మీద పత్తి బేళ్ళ లారీ పోతే దాని నీడ ఈ చివర నుంచి ఆ చివరికి మెల్లగా నడుస్తుంది. స్తుతి బడి నుంచి వస్తూనే సంచి పడేసి దాని ముందు కూర్చుంటుంది. "నాయనమ్మా, మొదలైంది!" అంటుంది. అమ్మ కూడా చేతిలో కాయ చేతిలోనే పెట్టుకుని చూస్తుంది. వసారాలో మిషను ఆపి నేనూ చూస్తాను. లారీ నీడలు, కాకి నీడ, ఎవరో సైకిలు తోసుకుంటూ పోయే నీడ. ఏ కథా లేదు, అయినా కళ్ళు తిప్పబుద్ధి కాదు.

ఒకరోజు అలా చూస్తూ చూస్తూ మిషను మీదే కళ్ళు మూశాను. ఆ ఎర్రటి వెలుగులో దూరంగా తెల్లకోటు కనపడింది. నువ్వే. పొలం గట్టు మీద నడిచినట్టు, చెప్పులు చేత్తో పట్టుకుని వస్తున్నావు. రెండు పక్కలా పత్తి విచ్చి ఉంది. గీత దగ్గరికి వచ్చి ఆగిపోయావు. సుద్ద గీతే కదా, దాటి రావే అంటున్నాను. నువ్వు కిందికి చూస్తావు, నా వైపు చూస్తావు, నవ్వుతావు గానీ కాలు పెట్టవు. ఇంతలో అమ్మకు మిరప ఘాటు ఎక్కి ఇల్లు దద్దరిల్లేలా తుమ్మింది. కళ్ళు తెరిస్తే గోడ మీద ఎండ పోయింది. ఆ పూటంతా నాకు మనసు మనసులో లేదు.

పోయిన శనివారం స్తుతిని తీసుకుని ఒంగోలు వెళ్ళాను. కొట్లో గోడ పొడుగునా టీవీలే, అన్నిటిలో ఒకటే సముద్రం, ఒకేసారి లేచి ఒకేసారి పడే అల. స్తుతి నోరు తెరుచుకుని నిలబడిపోయింది. నజ్మీన్ అనే అమ్మాయి చూపిస్తోంది. సోఫా గోడకి ఎంత దూరంలో ఉంటుందని అడిగింది. సోఫా లేదమ్మా, అందరం కిందే కూర్చుంటాం, మధ్యలో మిరపకాయలుంటాయి అన్నాను. నవ్వకుండా, అయితే గోడకి బాగా కిందికి బిగించుకోండి, లేకపోతే మెడలు పట్టేస్తాయి అంది. బుద్ధిమంతురాలు.

నా గీత సంగతి చెప్పి, యాభై అయిదుది మా కిటికీకి అడ్డం వస్తుందమ్మా అన్నాను. ఆ అమ్మాయి నా మెడలో టేపు అడిగి తీసుకుంది.

"అడ్డంగా కొలవరండీ. ఈ మూల నుంచి ఆ మూలకి, ఐమూలగా. యాభై అయిదంటే మీరు గీసిన దానికన్నా బాగా చిన్నదే. మీ గోడకి చక్కగా సరిపోద్ది."

ఇన్నేళ్ళు క్రాస్ కటింగ్ జాకెట్లు కుట్టినవాణ్ణి, గుడ్డని ఐమూలగా మడతపెట్టి బతికేవాణ్ణి, టీవీ దగ్గరికొచ్చేసరికి ఛాతీ కొలత తీసినట్టు అడ్డంగా టేపు పట్టాను! స్తుతి పడీ పడీ నవ్వింది. కనుక ఫెబా, గోడ చాలలేదు, అందుకే ముప్పై రెండుది తీసుకున్నానని ఫోన్లో చెప్పాను చూడు, అది అబద్ధం. గోడ చాలుతుంది.

జరిగింది ఇది. యాభై అయిదుదానికి చిన్న కెమెరా తగిలించి, పక్క వరసలో ఉన్న తన తోటి అమ్మాయికి వీడియో కాల్ కలిపింది నజ్మీన్. ఆ పిల్ల ముఖం తెర నిండా వచ్చింది. కనురెప్పలు కూడా లెక్కపెట్టొచ్చు. "మనిషి ఎదురుగా కూర్చున్నట్టే ఉంటదండీ. గల్ఫులో ఉన్నోళ్ళ ఇళ్ళకి ఇదే తీసుకెళ్తన్నారు" అంది. స్తుతి వెళ్ళి ఆ తెర మీద చెంప తాకింది. నా వైపు తిరిగి, మొహమంతా వెలిగిపోతుండగా అడిగింది.

"నాన్నా, అమ్మ ఇంత పెద్దగా వస్తే, ఇంక ఇంటికి రాకపోయినా పర్లేదు కదా?"

ఏడుస్తూ అని ఉంటే ఎత్తుకుని సముదాయించేవాణ్ణి. అది సంతోషంగా అంది. ఆ చిన్నది చూపించమ్మా అన్నాను. కెమెరా కూడా వద్దన్నాను. నజ్మీన్ వింతగా చూసింది.

మన వీధి చివర మార్క్ తెలుసుగా, గ్రానైటు పాలిష్ పనికి పోతాడు, అతనే డ్రిల్లు తెచ్చి బిగించాడు. నా గీత మధ్యలో ఆ టీవీ, అన్న చొక్కా తొడుక్కున్న తమ్ముడిలా ఉంది. "ఏరా, ఇంత గీత గీసి ఇంత టీవీ తెచ్చావేందిరా?" అని ఇంకా ఎగతాళి చేస్తున్నాడు. టీవీ మంచిదే. బొమ్మ బాగుంది, పాటలు బాగా వినపడతాయి. ఊళ్ళో గ్రానైటు కోసే చోట్ల నుంచి రాళ్ళ పొడి వచ్చి పడుతుంటే అమ్మ పొద్దునా సాయంత్రం కొంగుతో తుడుస్తోంది. గీత కూడా తుడిచేస్తానంటే నేనే వద్దన్నాను.

ఇక అసలు మాట. ఆసుపత్రి వాళ్ళు ఇంకో రెండేళ్ళకి సంతకం అడుగుతున్నారు, ఏం చేయమంటావు బావా అని రాశావు. ఫోన్లో నీ ఇష్టం అన్నాను. చుట్టూ అందరూ ఉన్నారు, పెద్దమనిషిలా అనేశాను. నాకు ఇష్టం లేదు ఫెబా. బొత్తిగా లేదు. నీ ముఖం గోడ నిండా వస్తే అమ్మకు సరిపోతుంది, స్తుతికి సరిపోతుంది, అలవాటైతే నాకూ సరిపోతుందేమోనని భయపడ్డాను. అందుకే చిన్నది తెచ్చాను. నువ్వు ఈ ఇంట్లో చాలకుండా ఉండాలి. నిన్ను చూడాలంటే నువ్వే రావాలి. అక్కడ నీకు పేరుంది, ఇక్కడ ఒంగోలు ఆసుపత్రుల్లో అంత జీతం రాదు, నాకు తెలుసు. నీకు నిజంగా ఉండాలనే ఉంటే ఉండు, నేను అడ్డుపడను. కానీ బావకి ఇష్టమేలే అనుకుని మాత్రం సంతకం పెట్టకు.

చివరికి నీ జాకెట్టు. నీలం గుడ్డ తడిపి, ఆరేసి, ఇస్త్రీ చేసి బల్ల మీద పెట్టాను. కత్తెర పెట్టలేదు. ఆది జాకెట్టు నీ పెట్టెలోనే ఉందన్నావు, ఉంది, తీసి చూశాను, మళ్ళీ మడతపెట్టి అక్కడే పెట్టాను. పాత కొలతలతో కుట్టను. అక్కడ చిక్కావో, ఒళ్ళు చేశావో, ఏ తెరలో చూసి చెప్పగలను? కొలత తీయాలంటే మనిషి ఎదురుగా నిలబడాలి. టేపు నా మెడలోనే ఉంది. వచ్చి నిలబడు.

ఇట్లు,
నీ రాక కోసం గుడ్డ కత్తిరించకుండా కూర్చున్న
మీ బావ, స్తుతి వాళ్ళ నాన్న,
ఇమ్మానుయేలు.