మడత వేయలేని కర్రలు

శాన్ రామన్,
6 ఫిబ్రవరి 2025

చిరంజీవి త్రివేణికి అమ్మ ఆశీస్సులు.

ఒకే ఇంట్లో ఉంటూ ఉత్తరమేమిటని నవ్వకు. నోటితో చెప్పబోతే "మీటింగ్‌లో ఉన్నానమ్మా, తర్వాత" అంటావు. నైనికని ఆ మంచు మీద జారే స్కీ క్లాసు మాన్పిస్తున్నామని రేపు కోచ్‌కి మెయిల్ పెడతానన్నావు. అందుకే ఇది నీ లాప్‌టాప్ మీద పెడుతున్నాను. ముందు ఇది చదువు.

నిన్న ఫోన్‌లో నీ ఫ్రెండ్ నమ్రతతో, "మా పిల్ల ఒట్టి పిరికిదే, నాలుగు వారాలైనా పడుతూనే ఉంది" అన్నావు. నైనిక మెట్ల మీద కూర్చుని వింది. నా గదిలోకొచ్చి, "అమ్మమ్మా, పిరికి అంటే స్కేర్డ్ కదా? నేను ఫరెవర్ అలాగే ఉంటానా?" అని అడిగింది.

దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, "కొండ మీద ఏమవుతుందే?" అన్నాను.

"టర్న్ చేస్తుంటే పోల్స్ నన్ను వెనక్కి తోస్తాయి."

"మరి అమ్మకి చెప్పలేదేం?"

"అమ్మ ఎంతో ఇష్టంగా కొన్నవి కదా!"

ఆ పోల్స్‌కి, అదే చేతికర్రలకి, కొలత ఎలా తీయాలో వీడియో చూసి తెలుసుకున్నాను. హాల్లో దానికి స్కీ బూట్లు వేయించి నిలబెట్టాను. కర్రని తలకిందులుగా పెట్టి, చివరనుండే చక్రానికి కాస్త కింద పట్టుకోమన్నాను. మోచెయ్యి లంబకోణంలో ఉండాలి. దాని పిడికిలి భుజం దాకా లేచింది, ఎవరినో గుద్దబోతున్నట్టు! ఆ కర్రలతో ఎవరైనా పడతారు.

ఎదిగే పిల్ల కదా, ఇంకో రెండేళ్లు వస్తాయని పొడుగువి కొన్నావు. ఆ అలవాటు నా దగ్గర్నుంచే వచ్చింది. నీ పావడాలన్నీ అలాగే కుట్టించాను. కాని పావడాకి అంచు మడిచి కుట్టి, ఎదిగాక విప్పుకోవచ్చు. ఈ కర్రకి మడత ఎక్కడ వేస్తాం?

ఇక జరగవలసినవి:

1. కోచ్‌కి ఆ మెయిల్ పెట్టకు.

2. రేపు సాయంత్రం పాపని దుకాణానికి తీసుకెళ్ళి, బూట్లు వేసి, మోచెయ్యి చూసి కర్రలు కొను. వచ్చే ఏడాది ఎత్తుకి కాదు.

3. అంతకంటే ముందు, ఈ రాత్రి దాని పక్కన కూర్చుని, తప్పు కర్రలదని చెప్పు. ఆ మాట నేను చెబితే చాలదు, నీ నోటితోనే వినాలి.

4. పొడుగువి తిరిగి ఇవ్వకు. నేనూ కొలిచి చూసుకున్నాను, నాకు సరిగ్గా సరిపోయాయి. క్లాసుకి మీతో కొండ దాకా వచ్చి, జారి పడతానన్న భయంతో ఇన్నాళ్ళూ కారు దిగనిది నేను. శనివారం వాటిలో ఒకటి ఊతగా పట్టుకుని మంచులో నడుస్తాను. నా రెండో చెయ్యి నైనికనే పట్టుకోమను.

ఇట్లు,
అమ్మ