రేడియేటర్లో పోసిన పసుపు

భార్గవి నాయనా,

నేను ఏడు గంటల బస్సుకు ఆళ్లగడ్డ పోతాండా. మీరు ఈరోజే కారుకు రేడియేటర్ మార్పించి, రేపు పొద్దున తొమ్మిదికల్లా మీ అక్కను ఎక్కించుకొని రాండి. పెద్ద ముత్తైదువ కదా, మా చెల్లెలి కూతురికి పెండ్లి తొలి నలుగు ఆమే పెట్టాల.

మెకానిక్ మస్తాన్ రెండు చూపిస్తాడు. వేరే కారులోంచి ఊడదీసింది చవకని దానికి ఆశపడొద్దు. అది మనదానికన్నా ముసలిది. కొత్త అల్యూమినియందే తీసుకోండి. కొనే ముందు మన పాతదాని పక్కన పెట్టి, గొట్టాల మూతులు సరిపోతాయో లేదో చూసుకోండి.

నిన్న మూత తీస్తే సాంబారు మాదిరి పొంగింది. అడిగితే, "పసుపు పోస్తే చిల్లు పూడుతుందని అందరూ చెప్తారే!" అన్నారు. అందరూ చెప్పేది చిటికెడు. నలుగుకని నేను మర పట్టించిన అరకేజీ అంతా మీరు పోసినారు. పసుపేదని చెల్లెలు అడిగితే, కారుకు నలుగైపోయిందని చెప్తా.

అన్నం, పప్పు పొయ్యి పక్కన ఉండాయి.

ఇంకోటి. కారులో అయితే దోవ పొడుగునా మిమ్మల్ని తిడతా కూర్చుంటా. బస్సు డ్రైవర్ని అట్ల తిడితే నడిదోవన శిరివెళ్లలోనే దించేస్తాడు. తొందరగా రాండి.