మెట్టు దించిన క్లారినెట్

ఆనందం,

అన్నం, పప్పుపులుసు గూట్లో ఉన్నాయి. తిని, సాయంత్రం పాసింజరుకి గజపతినగరం చర్చికి రా. నేను బడి నుంచి అటే వస్తాను. క్రిస్మస్ పాటల కాగితాలు నాతో తీసుకెళ్తున్నాను.

క్లారినెట్ కాగితాల్లో మీ అన్నయ్య రాసిన స్వరాలు రబ్బరుతో చెరిపి, నీ ఫ్లూటు కాగితంతో కలిసేలా ఒక మెట్టు దించి రాశావు. క్లారినెట్ రాసినదానికన్నా ఒక మెట్టు కిందే పలుకుతుంది. అందుకే ఆయన మెట్టు పైకి రాశారు. పదేళ్లు ఆయన పక్కన కూర్చుని వాయించావు, ఒక్కసారైనా అడగలేదు.

తెలియకపోవడం తప్పు కాదు. కానీ నిన్న బ్యాండు వాళ్లందరి ముందు, "పోయేముందు జొరంలో అన్నయ్యకి మతి పోనాది వదినా, నానే సరిసేసీసినాను" అన్నావు. ఆయన మతి చివరి రోజు వరకూ సరిగానే ఉంది. ఈవేళ వాయించేముందు, తప్పు నాదేనని వాళ్లందరి ముందే చెప్పు. చెప్పలేకపోతే ఫ్లూటు ఇంట్లో పెట్టి రా.

కాగితాల మీద ఆయన పెన్సిలు ఒత్తిన గుర్తులు ఇంకా కనిపిస్తున్నాయి. నువ్వు రాసినవి తుడిచి, వాటి మీదే మళ్లీ రాశాను.

సువార్తమ్మ

ఒక పాట చెరపడం మరిచిపోయావు. బ్యాండుకి దాని నకలు రాసి ఇస్తాను. అసలు కాగితం నన్ను అడగవద్దు.